నాడ్జాబ్ గెలుపు ఎవరి ఖాతాలో వేయాలి?

పసిఫిక్ యుద్ధానికి తేదీలవారీ పట్టికలు చాలా ఉన్నాయి. ఒక్కో తేదీ కింద నాలుగైదు వాక్యాలు ఉంటాయి. ఏ దళం విమానాలు ఏ రేవు మీద బాంబులు వేశాయి, ఏ మైదానంలో ఎన్ని శత్రు విమానాలు కాలిపోయాయి, కాల్బలం ఎంత ముందుకు జరిగింది అన్నవే ఆ వాక్యాల్లో ఉంటాయి. రాత్రి భోజనాలయ్యాక వాటిని చదవడం ఈ మధ్య నాకు అలవాటైంది. అలా చదువుతూ 1943 సెప్టెంబరు 5 దగ్గర ఆగిపోయాను. ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న న్యూగినీ దీవిలోని మార్ఖామ్ లోయలో నాడ్జాబ్ అనే చోట అమెరికన్ 503వ పారాచూట్ రెజిమెంట్ దిగింది, శత్రువు ఎదురు కాలేదు, విమాన మైదానం చేజిక్కింది. ఆ రోజు గురించి ఎక్కడ చదివినా సారాంశం ఇంతే.

అందులో ఒక్క అబద్ధమూ లేదు. అయినా ఆ మూడు ముక్కలు చదివి ఆ రోజు ఏం జరిగిందో తెలిసిందనుకుంటే పొరపాటని నా అభిప్రాయం. గెలుపు సంపాదించిన వాళ్లలో చాలామందికి ఆ వాక్యాల్లో చోటు దొరకలేదు. దానికి చెల్లించిన ప్రాణాల్లో చాలావరకు ఆ తేదీ కింద నమోదు కాలేదు. యుద్ధాన్ని రోజుల లెక్కన కోసి, శత్రువు చేతిలో పోయిన ప్రాణాలనే నష్టంగా రాసుకునే పద్ధతి మన ఆలోచనను ఎలా పక్కదారి పట్టిస్తుందో చూపడానికి నాడ్జాబ్ కన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

పైనుంచి కనిపించినది

ఆ ఉదయం దృశ్యం గొప్పదే. న్యూగినీ దక్షిణ తీరంలో మిత్రపక్షాల స్థావరమైన పోర్ట్ మోర్స్‌బీ చుట్టూ ఉన్న మైదానాల నుంచి ఎనిమిదిన్నర ప్రాంతంలో సుమారు 80 సీ-47 రవాణా విమానాలు లేచాయి. ఓవెన్ స్టాన్లీ పర్వతాలు దాటాక బాంబర్లు, ఫైటర్లు వచ్చి కలిశాయి. మొత్తం 300కు పైగా విమానాలు ఒకే లోయ మీదికి చేరాయి. ముందు వరసలో బీ-25 బాంబర్లు ఉన్నాయి. ముక్కుల్లో వరసగా భారీ మెషిన్ గన్లు బిగించిన ఆ విమానాలు చాలా కిందుగా ఎగురుతూ మైదానం అంచులను జల్లెడ పట్టాయి. చిన్న పారాచూట్లు కట్టిన బాంబులను వదిలాయి. వాటి వెనకే ఏ-20 బాంబర్లు పొగ తెరలు పరిచాయి. 10 గంటల 22 నిమిషాలకు దూకడం మొదలైంది. ఐదు నిమిషాలు నిండకముందే సుమారు 1,700 మంది విమానాల్లోంచి దూకేశారు. పసిఫిక్ యుద్ధంలో అమెరికా పారాచూట్ దళం చేసిన మొదటి దాడి ఇదే.

అక్కడి మిత్రపక్షాల సర్వసేనాధిపతి, అమెరికన్ జనరల్ మెకార్థర్ ఒక బీ-17 బాంబర్‌లో కూర్చుని ఇదంతా చూశాడు. దారిలో ఒక ఇంజిన్ ఆగిపోయినా వెనక్కి తిప్పనివ్వలేదు. ఆ ప్రయాణానికి తర్వాత ఆయనకు ఎయిర్ మెడల్ ఇచ్చారు. ఆయన వైమానిక దళాధిపతి కెనీ వాషింగ్టన్‌కు రాసిన ఉత్తరంలో ఆ ఉదయాన్ని పొంగిపోతూ వర్ణించాడు. ఆనాటి ఫోటోలు చూసినవారికి ఆ పొంగు ఎందుకో తెలుస్తుంది. పొగ గోడ ముందు వందల గొడుగులు ఒకేసారి విచ్చుకుంటుంటే చూపు తిప్పుకోలేం.

దూకినవాళ్లలో ముగ్గురు చనిపోయారు. ఇద్దరికి పారాచూట్లు విచ్చుకోలేదు. ఒకడు ఎత్తైన చెట్టుకు చిక్కుకుని, అక్కడి నుంచి పడిపోయాడు. మరో 33 మందికి గాయాలయ్యాయి. నేల మీద జపాన్ సైనికుడు ఒక్కడూ లేడు.

ఎందుకు లేడన్నది పట్టిక చెప్పదు. ఆ సంవత్సరం మార్చి మొదట్లో, బిస్మార్క్ సముద్రంలో, జపాన్ చేతిలో ఉన్న, ఈ మొత్తం దాడికి అసలు గురి అయిన లేయ్ పట్టణానికి సైన్యాన్ని తెస్తున్న జపాన్ రవాణా ఓడలు ఎనిమిదీ మునిగిపోయాయి. సుమారు 6,900 మంది బయలుదేరితే లేయ్ చేరినవారు 1,200 దాకా మాత్రమే. ఆగస్టు 17, 18 తేదీల్లో న్యూగినీ ఉత్తర తీరంలోని జపాన్ స్థావరం వెవాక్ చుట్టూ ఉన్న మైదానాల మీద మిత్రపక్షాల విమానాలు విరుచుకుపడ్డాయి. నేల మీద నిలిపి ఉంచిన జపాన్ విమానాలు వందకు పైగా అక్కడే పనికిరాకుండా పోయాయి. ఇక సెప్టెంబరు 4న, నాడ్జాబ్‌కు ఒక్క రోజు ముందు, ఆస్ట్రేలియా 9వ డివిజన్ లేయ్‌కు తూర్పున తీరంలో దిగింది. మిగిలిన జపాన్ విమానాలు ఆ రోజు ఈ ఓడల మీద పడ్డాయి. తీరానికి చేరుతున్న పడవ మీద బాంబు పడి ఒక బెటాలియన్ కమాండర్ చనిపోయాడు. ఆ మధ్యాహ్నం వెనక వస్తున్న పెద్ద ఓడలు దెబ్బతిని పదుల సంఖ్యలో సైనికులు ప్రాణాలు కోల్పోయారు.

అందుకే ‘శత్రువు ఎదురు కాలేదు’ అన్న మాట చదివినప్పుడల్లా నాకు అభ్యంతరం కలుగుతుంది. ఎదురు రావలసిన శత్రువు అంతకు ముందు ఇతరులకు ఎదురయ్యాడు. వాళ్ల చావులు మరో తేదీ కింద, మరో దళం పేరున ఉన్నాయి.

నది దాటి వచ్చినవాళ్లు

పారాచూట్లు విచ్చుకునే సమయానికి మార్ఖామ్ నది దక్షిణపు ఒడ్డున వేరే దళం ఒకటి సిద్ధంగా ఉంది. ఆస్ట్రేలియా 2/2 పయనీర్ బెటాలియన్, 2/6 ఫీల్డ్ కంపెనీ ఇంజనీర్లు, న్యూగినీ ఆగ్నేయ ప్రాంతమైన పాపువాకు చెందిన కాల్బలం కంపెనీ, వాళ్లతోపాటు బరువులు మోసే వందల మంది న్యూగినీ మనుషులు. అడవిలో రహస్యంగా తయారైన ట్సిలి ట్సిలి మైదానం దాకా విమానాల్లో వచ్చారు. అక్కడి నుంచి కొందరు నడిచి, కొందరు మడత పడవల్లో వాటుట్ నది మీదుగా వచ్చారు. అడవి, బురద, దోమలు, భుజాల మీద బరువులు. పైన విమానాలు కనిపించగానే నది దాటడం మొదలుపెట్టారు. అనేక పాయలుగా చీలి, వేగంగా పారే నది అది. మడత పడవలను వరసగా కట్టి వంతెన వేశారు. సాయంత్రానికి పారాచూట్ సైనికులను కలుసుకున్నారు.

అసలు పని అప్పుడు మొదలైంది. నాడ్జాబ్‌లో ఉన్నది యుద్ధానికి ముందు నాటి పాత మైదానం. వాడకం లేక మనిషి ఎత్తు కూనాయ్ గడ్డి మొలిచింది. ఆ గడ్డి కోయకుండా, గుంతలు పూడ్చకుండా ఒక్క విమానమూ దిగలేదు. అన్నాళ్లు నడిచి వచ్చినవాళ్లే రాత్రంతా ఆ పనిలో ఉన్నారు. మర్నాడు ఉదయం 10 గంటలు కాకముందే మొదటి రవాణా విమానం దిగింది. అందులో అమెరికన్ 871వ ఎయిర్‌బోర్న్ ఇంజనీర్ల బృందం వచ్చింది. ఆ తర్వాత జనరల్ వేసీ నాయకత్వంలోని ఆస్ట్రేలియా 7వ డివిజన్ రాక మొదలైంది.

ఆ ఐదు నిమిషాల్లో పారాచూట్లతో దూకడం అవసరం లేదని నేను అనడం లేదు. లోయను ఒక్క దెబ్బతో పట్టుకోవడానికి అది కావాలి. కాని దాని లక్ష్యం విమానాలు దిగగల నేల. ఆ నేలను తయారు చేసింది కత్తులు, పారలు, చేతులు. నాట్లు వేసినవాళ్ల పేర్లు దిగుబడి లెక్కలో కనిపించనట్టే వీళ్లు కూడా ఆ రోజు లెక్కలోకి రాలేదు.

మరో చిన్న సంగతి నా మనసుకు పట్టింది. పారాచూట్ దళానికి సొంత ఫిరంగులు లేవు. ఆస్ట్రేలియా 2/4 ఫీల్డ్ రెజిమెంట్ నుంచి ముప్పై మందికి పైగా ఫిరంగి సైనికులు తామే ముందుకొచ్చారు. వాళ్లు ఎన్నడూ పారాచూట్ కట్టుకున్నవాళ్లు కారు. కొద్ది రోజుల శిక్షణతోనే ఆ మధ్యాహ్నం దూకేశారు. రెండు ఫిరంగులను విడి భాగాలుగా విప్పి వాళ్లతోపాటు జారవిడిచారు. ఒక ఫిరంగిని త్వరగానే బిగించగలిగారు. రెండో దాని ముఖ్య భాగాలు కూనాయ్ గడ్డిలో ఎక్కడో పడిపోయి మూడు రోజుల దాకా దొరకలేదు. శత్రువు అక్కడ ఉండి ఉంటే ఆ మూడు రోజులు ఎలా గడిచేవో ఊహించుకోవచ్చు. దృశ్యం గొప్పగా కనబడిన చోట పథకం ఎంత సన్నని దారం మీద నడిచిందో ఈ ఒక్క వెతుకులాట చెబుతుంది.

ఇక బరువులు మోసినవాళ్ల సంగతి. వీరిని ఆస్ట్రేలియా పత్రికలు ఎంతో ముద్దుగా పొగిడాయి. 1942 క్రిస్మస్ రోజున పాపువా తీరంలోని బూనా దగ్గర తీసిన ఒక ఫోటో ఇప్పటికీ కనబడుతూ ఉంటుంది. కళ్లకు కట్టు కట్టుకున్న జార్జ్ విట్టింగ్టన్ అనే సైనికుణ్ని రఫేల్ ఓయింబారి అనే పాపువన్ మనిషి చేయి పట్టి నడిపిస్తున్న ఫోటో అది. ఆ చేతి మెత్తదనం నిజం. కాని ఆ పొగడ్తలు చెప్పనిది మరొకటి ఉంది. 1942 జూన్ నుంచి ఈ పని నిర్బంధం. సైనిక పరిపాలనా విభాగం ఊళ్లకు వెళ్లి ఒడ్డూ పొడుగూ ఉన్న మగవాళ్లను ఒప్పందం కింద తీసుకుపోయేది. పారిపోతే శిక్ష. ఇచ్చేది నెలకు కొన్ని షిల్లింగులు. ఉచ్చదశలో ఇలా పనిచేసినవారు 35,000 దాటారు. ఊళ్లలో తోటలు వేసే మగవాళ్లు లేక ఆడవాళ్లు, పిల్లలు తిండికి ఇబ్బంది పడ్డారు. బతికి ఉన్న ముసలివాళ్లకు ఆస్ట్రేలియా ప్రభుత్వం జ్ఞాపిక పతకాలు ఇచ్చింది 2009లో. అప్పటికి ఎంతమంది మిగిలి ఉంటారు?

నాడ్జాబ్ కోసం బరువులు మోసినవాళ్లు ఎవరో, ఏ ఊరివాళ్లో తెలియజేసే పుట నాకు కనబడలేదు. మెకార్థర్ విమానంలో ఏ ఇంజిన్ ఎలా ఆగిందో మాత్రం తెలుసు. చరిత్ర రాసేవాళ్ల తప్పు ఇది అనడం తేలిక. పాఠకులుగా మనం ఏ ప్రశ్న అడుగుతామో దానికే సమాధానాలు పోగవుతాయి. ఆ నేలను ఎవరు దున్ని సిద్ధం చేశారని మనం అడగలేదు.

సెప్టెంబరు 7, తెల్లవారుజాము

నా వాదనకు అసలు ఆధారం ఇక్కడ ఉంది.

7వ డివిజన్‌లోని 2/33 బెటాలియన్ నాడ్జాబ్ వెళ్లడానికి ఆ తెల్లవారుజామున పోర్ట్ మోర్స్‌బీలోని జాక్సన్స్ మైదానం పక్కన లారీల్లో ఎదురుచూస్తోంది. అక్కడి వాతావరణం సంగతి తెలిసినవాళ్లకు ఇంత పొద్దున్నే ఎందుకో చెప్పనక్కరలేదు. మధ్యాహ్నానికి పర్వతాలను మబ్బు మూసేస్తుంది. రవాణా విమానాలు ఉదయమే వెళ్లి రావాలి. సైనికులు రాత్రి నుంచే సిద్ధంగా ఉండాలి. లారీలు నిలిపిన చోటు రన్‌వే అవతలి చివర, విమానాలు పైకి లేచే దారిలో ఉంది.

నాలుగు గంటలు దాటాక బీ-24 బాంబర్ ఒకటి ఆ రన్‌వే మీద పరుగు అందుకుంది. ట్యాంకుల నిండా పెట్రోలు, కడుపులో బాంబులు. తగినంత ఎత్తుకు లేవలేకపోయింది. చెట్టుకు తగిలి లారీల మీద కూలిపోయింది. పెట్రోలు మంటై పరుచుకుంది, బాంబులు పేలాయి. సైనికుల ఒంటి మీద ఉన్న గ్రెనేడ్లు, తూటాలు కూడా ఆ వేడికి పేలడం మొదలైంది. బెటాలియన్‌కు చెందిన 60 మంది, ఇద్దరు లారీ డ్రైవర్లు, బాంబర్‌లోని 11 మంది చనిపోయారు. 90 మందికి పైగా గాయపడ్డారు. మిగిలినవాళ్లు ఆ రోజే విమానాలెక్కి యుద్ధానికి వెళ్లారు. ఆ సంఖ్య కన్నా ఈ చివరి విషయమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. అంత మంటను చూసినవాళ్లు అదే మైదానం నుంచి, అదే దారిలో, గంటల్లోనే పైకి లేచారు.

లేయ్ పట్టణం సెప్టెంబరు 16న చేజిక్కింది. ఆ పదకొండు పన్నెండు రోజుల పోరులో 7వ డివిజన్ శత్రువు చేతిలో పోగొట్టుకున్న ప్రాణాలు 40 లోపు. అంటే ఆ డివిజన్‌కు ఈ పోరాటంలో అన్నిటికన్నా పెద్ద నష్టం జపాన్ సైన్యం చేసింది కాదు. మిత్రపక్షాల విమానమే, మిత్రపక్షాల మైదానంలో, పొద్దు పొడవక ముందే చేసింది. యుద్ధకాలపు సెన్సార్ వల్ల అప్పట్లో ఈ వార్త ప్రజలకు చేరలేదు. నాడ్జాబ్ గెలుపు మాత్రం పత్రికల్లో మెరిసిపోయింది. 503వ రెజిమెంట్‌కు ఆ మూడు చావులూ చరిత్రలో భాగమయ్యాయి. ఈ 73 ప్రాణాలు ‘ప్రమాదం’ అన్న వేరే గడిలోకి వెళ్లిపోయాయి.

అన్నయ్య అభ్యంతరాలు

మా పెదనాన్నగారి అబ్బాయి వైమానిక దళంలో విమానాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఈ వ్యాసం రాసేముందు నా ఆలోచన ఆయనకు చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు.

“చూడు తమ్ముడూ, ఒక విమానం లేచిందంటే దాని వెనక ఎంతమంది చెమట ఉంటుందో నాకు నువ్వు చెప్పాలా? జీవితమంతా ఆ పనే చేశాను. కాని ప్రమాదాన్ని ప్రమాదంగానే చూడాలి. ఆపరేషన్ నష్టంలో దాన్ని కలిపితే రోజూ జరిగే ప్రతి లారీ ప్రమాదాన్నీ, ప్రతి మలేరియా జ్వరాన్నీ కలపాలి. అప్పుడు ఏ కమాండరూ ఏ నిర్ణయం మంచిదో, ఏది చెడ్డదో తేల్చుకోలేడు” అన్నాడు.

ఇది గట్టి మాట. శత్రువు ఎంత బలంగా ఉన్నాడో తెలియాలంటే శత్రువు చేసిన నష్టాన్ని విడిగా లెక్కించాల్సిందే. కాని కమాండర్‌కు కావలసిన లెక్క వేరు, ఎనభై ఏళ్ల తర్వాత చదివే మనకు కావలసిన లెక్క వేరు. పైగా ఆ ప్రమాదం ఎక్కడో సంబంధం లేని దారిలో జరగలేదు. ఒక డివిజన్‌ను మొత్తం గాలిలో మోయాలని పథకం వేసినప్పుడే వందల మంది రాత్రిపూట రన్‌వే పక్కన చేరడం ఖాయమైంది. బరువెత్తిన బాంబర్లూ రవాణా విమానాలూ ఒకే మైదానం నుంచి చీకట్లో లేవాల్సి రావడమూ ఖాయమైంది. లారీలు అక్కడ నిలపాలన్నది ఎవరో తీసుకున్న నిర్ణయం. ఇది పథకం లోపల పుట్టిన ప్రమాదం. మలేరియా గురించి అన్నయ్య అన్నది కూడా నా వైపే వస్తుందని నాకు అనిపిస్తుంది. న్యూగినీలో తూటా కన్నా జ్వరం ఎక్కువ మందిని పడగొట్టింది. దాన్ని వదిలేసి ఆ యుద్ధాన్ని ఎలా చెప్పగలం?

ఆయన రెండో మాట ఇంకా బరువైనది. “బూనాలో మనుషులు ఎలా చనిపోయారో చదివావుగా. మోకాలి లోతు బురదలో, దుంగల బంకర్ల మీదికి నేరుగా పరుగెత్తి చనిపోయారు. నాడ్జాబ్ అలా జరగకూడదనే ఆ విమానాలన్నీ. ఎంతమంది తల్లుల కడుపుకోత తప్పిందో ఆలోచించు. నువ్వు గెలుపును చిన్నది చేస్తున్నావు.”

కొన్ని రోజులు ఈ మాట నన్ను వదల్లేదు. పాపువాలో 1942 జూలై నుంచి 1943 జనవరి దాకా జరిగిన పోరాటంలో ఆస్ట్రేలియన్లు, అమెరికన్లు కలిపి 3,000కు పైగా చనిపోయారు. గోనా, బూనా, సననంద దగ్గర కొన్ని కంపెనీలు పేరుకు మాత్రమే మిగిలాయి. దానితో పోలిస్తే లేయ్‌ను తీసుకున్న తీరు మెరుగైనది. జపాన్ సైన్యం బలంగా ఉన్న చోటును వదిలి, లేని చోట దిగడం తెలివైన పని. పథకం వేసినవాళ్లకు ఆ గౌరవం దక్కాలి. నేను దాన్ని తగ్గించదలచుకోలేదు.

కాని ఎలా తక్కువ ప్రాణాలతో గెలిచారన్నది సరిగ్గా తెలుసుకోవాలి. విమానాలే గెలిపించాయనుకుంటే ఆ పాఠం తప్పుగా నేర్చుకుంటాం. ఆరు నెలల పాటు ఓడలనూ మైదానాలనూ కొట్టడం, అడవిలో రహస్యంగా ట్సిలి ట్సిలి మైదానం తయారు చేయడం, నది దాటి నడిచి రావడం, రాత్రంతా గడ్డి కోయడం, ఇవన్నీ కలిస్తేనే ఆ ఐదు నిమిషాలు సాధ్యమయ్యాయి. వీటిలో ఏది లేకపోయినా 503వ రెజిమెంట్ తిండీ మందుగుండూ లేకుండా ఒక లోయలో చిక్కుకునేది. అన్నయ్యకు ఈ మాట చెబితే, “అది నిజమే” అని మాత్రం అన్నాడు. ప్రమాదం విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ కుదరలేదు.

వాగులో, కొండ మీద

తూర్పు నుంచి వస్తున్న 9వ డివిజన్ కథ కూడా ఇలాంటిదే, క్లుప్తంగా చెబుతాను. సెప్టెంబరు 9న 2/28 బెటాలియన్ వరద మీద ఉన్న బూసు నదిని నడిచి దాటింది. 13 మంది కొట్టుకుపోయి మునిగిపోయారు. ఎన్నో ఆయుధాలు నీళ్లపాలయ్యాయి. అవతలి ఒడ్డున దక్కిన చోటు లేయ్ పట్టుకోవడానికి తలుపు తెరిచింది.

ఇక లేయ్‌లో ఉన్న జపాన్ సైన్యం. రెండు వైపుల నుంచి మూసి వాళ్లను పట్టుకోవాలన్నది పథకం. కాని జనరల్ నకానో తన మనుషులను ఉత్తరానికి, సారువాగెడ్ పర్వతాల మీదికి నడిపించాడు. నాలుగు వేల మీటర్ల దాకా లేచే కొండలవి. సుమారు 8,000 మంది బయలుదేరారు. వాళ్ల దగ్గర తిండి సరిపడా లేదు, చలికి తగిన బట్టలు లేవు. దారిలో దాదాపు 2,000 మంది ఆకలితో, చలితో, లోయల్లో జారిపడి చనిపోయారు. వాళ్లను ఏ విమానమూ, ఏ ఫిరంగీ చంపలేదు కాబట్టి నాడ్జాబ్ లెక్కలో వాళ్లు కూడా లేరు. వాళ్లు ఆ దారి పట్టడానికి కారణం మాత్రం సెప్టెంబరు 4, 5 తేదీల్లో జరిగినదే. శత్రువుల చావుకు దుఃఖించాలా అని ఎవరైనా అడగవచ్చు. దుఃఖం ఎవరిష్టం వారిది. ఆ సైన్యం న్యూగినీ ప్రజలకూ, యుద్ధఖైదీలకూ చేసినది నేను మరచిపోలేదు. అయినా ఒక సైనిక చర్య ఫలితం ఏమిటన్న ప్రశ్నకు ఆ 2,000 మంది కూడా సమాధానంలో భాగమే.

వెవాక్‌లో ఉన్న మనవాళ్లు

ఇంత దూరపు యుద్ధం గురించి తెలుగులో ఎందుకు అని ఒక మిత్రుడు అడిగాడు. రెండో ప్రపంచ యుద్ధం అనగానే మనకు గుర్తొచ్చేది 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు వేసిన బాంబులు. తర్వాత బర్మా నుంచి కాలినడకన తిరిగొచ్చిన కుటుంబాల కథలు. న్యూగినీ మన జ్ఞాపకంలో లేదు. కాని అక్కడ మన దేశపు మనుషులు ఉన్నారు.

1942 ఫిబ్రవరిలో సింగపూర్ పడిపోయినప్పుడు పట్టుబడిన భారతీయ సైనికుల్లో వేల మందిని జపాన్ సైన్యం న్యూ బ్రిటన్, న్యూగినీ దీవులకు కూలీలుగా తీసుకుపోయింది. 1943 మధ్యలో సింగపూర్ నుంచి ఓడలో వచ్చిన ఒక బృందాన్ని వెవాక్‌లో దింపారు. అంటే ఆగస్టు 17, 18 తేదీల దాడులు జరిగే నాటికి ఆ ఖైదీలు వెవాక్ ప్రాంతంలోనే ఉన్నారు. పట్టిక ఆ రెండు తేదీల కింద ఎన్ని జపాన్ విమానాలు కాలిపోయాయో చెబుతుంది. ఆ దాడులు జరగకపోతే నాడ్జాబ్ లేదు, ఇది నేను పైన రాసినదే. ఆ బాంబులు పడుతున్న నేల మీద, తమను విడిపించవలసిన పక్షం విమానాల కింద, ఆకలితో పనిచేస్తున్న పంజాబీలు, డోగ్రాలు, ఇతర ప్రాంతాల మనుషులు ఉన్నారన్నది మాత్రం పట్టికలో ఉండదు. యుద్ధం ముగిసేనాటికి వెవాక్‌లో దింపిన ఆ బృందంలో మిగిలినవారు బహు కొద్దిమంది. లేయ్ యుద్ధ శ్మశానంలో ఆస్ట్రేలియన్ల పక్కనే భారతీయ సైనికుల సమాధులు ఉండటానికి కారణం ఇదే.

తెలుగు నేలతో ఒక పోగు కూడా ఉంది. హైదరాబాద్ సంస్థాన సైన్యానికి చెందిన 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ 1941 డిసెంబరులో, మలయాలోని కోటబారు విమాన మైదానాన్ని కాపాడే పనిలో ఉంది. జపాన్ సైన్యం మలయాలో మొదట దిగింది అక్కడే. సింగపూర్ లొంగిపోయాక ఆ దళం మనుషులు కూడా ఖైదీలయ్యారు. వాళ్లలో ఎవరు ఎక్కడికి తరలిపోయారో, ఎవరు తిరిగి వచ్చారో తెలుగులో రాసిన పుస్తకం నేను చూడలేదు. మీ ఇళ్లలో తాతగారో ముత్తాతగారో ఆ దళంలో పనిచేసి ఉంటే, వారి ఉత్తరాలు, పింఛను కాగితాలు, ఫోటోలు ఉంటే నాకు రాయండి. కాగితాలు లేకపోయినా పరవాలేదు, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకున్న మాట ఒకటి చాలు. తేదీ తెలియకపోయినా, ఊరి పేరు తప్పుగా గుర్తున్నా, విన్నది విన్నట్టు రాయండి. తేదీలు, ఊళ్ల పేర్లు నేను సరిచూస్తాను.